ఎగరేసే ముందు పోట్లాట

మా ఇంట్లో డ్రోన్ ఎగరాలంటే ముందు పోట్లాట జరగాలి. మాట వరసకు అంటున్నది కాదు, అదే మా పద్ధతి. ఆయన రిమోట్ మెడలో తగిలించుకుని నిలబడేవారు. నేను ఎదురుగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడేదాన్ని. నాకు తోచిన అడ్డంకులన్నీ నేను అడగాలి, అన్నిటికీ ఆయన జవాబు చెప్పాలి. ఒక్కదానికి జవాబు లేకపోయినా పెట్టె మూసేసి ఇంటికి రావడమే. ఎవరు డబ్బిచ్చారు, ఎవరు ఎదురు చూస్తున్నారు అన్నది దాని ముందు నిలవదు.

మన్సూరాబాద్‌లో ఒక ఇంటి పైకప్పు సర్వేకి వెళ్ళినప్పటి సంగతి చెబుతాను. సోలార్ పలకలు ఎక్కడ పెట్టాలో పైనుంచి కొలత తీయాలి.

"గాలి?" అన్నాను.

"ఆకు కదుల్తలేదు."

"ఆకు కింద ఉంది. డ్రోన్ పైన ఉంటుంది. ఆ మేడ మీద ఆరేసిన చీర చూడండి, ఎలా కొట్టుకుంటోందో."

"చూసిన. ఆ మేడ దాట. ఇటు పక్కనే ఉంట."

"వైర్లు?"

"పొద్దుగాలనే గల్లీ అంత నడిచొచ్చిన. అన్నీ మనకంటె కిందనే ఉన్నయ్."

"సిగ్నల్ తెగిపోతే?"

"పైకి లేసి దానంతట అదే ఇంటికొస్తది."

"వచ్చే దారిలో ఆ సెల్ టవర్ ఉంది కదా. దాన్ని అడిగి వస్తుందా?"

ఆయన టవర్ వైపు చూశారు. గడ్డం గోక్కున్నారు. "సరే తల్లీ. తెగితే రావొద్దు, ఉన్న కాడనే ఆగి దిగమని పెడ్త. కింద ఖాళీ ప్లాటే గద."

ఇదంతా వింటున్న ఇంటాయన లోపలికి వెళ్ళి భార్యతో, "వీళ్ళు మన పని అయ్యేదాంక కలిసుంటె చాలు" అన్నాడట. ఆవిడ టీ ఇస్తూ నాకు చెప్పింది. ఆ టీ తాగుతూ కూడా మేం పోట్లాడుకుంటూనే ఉన్నాం, ఈసారి బ్యాటరీ గురించి.

నాకు పోట్లాట కొత్త కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. ప్రిన్సిపాల్‌తో వాదించి మానేశాను, అందులో ఇప్పటికీ నాదే న్యాయం. మావాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆయనది నల్లగొండ వైపు పల్లె. ఎల్బీనగర్‌లో చిన్న స్టూడియో పెట్టుకుని పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవారు. డ్రోన్లు వచ్చాక ఇద్దరం కలిసి శిక్షణకు వెళ్ళాం, ఇద్దరం పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకున్నాం. ఆయన చెయ్యి నాకంటే మెత్తన, నా నోరు ఆయన కంటే గట్టిది. కాబట్టి ఆయన ఎగరేసేవారు, నేను అబ్జర్వర్‌గా ఉండేదాన్ని. అబ్జర్వర్ పని తెర చూడకుండా ఆకాశాన్ని చూడటం. గద్ద వచ్చిందా, గాలిపటం వచ్చిందా, కిందికి ఎవరైనా నడుచుకుంటూ వచ్చారా చెప్పడం. పైలట్ తెరలో పడి లోకాన్ని మరిచిపోతాడు, అందుకని పక్కన ఇంకో జత కళ్ళుండాలి. పక్కన మనిషి లేకుండా ఎప్పుడూ ఎగరేయకూడదని ఆయన పెట్టిన నియమం. అది ఎంత మంచి నియమమో, తర్వాత నన్ను ఎలా మోసం చేసిందో చెబుతాను.

ఆయన గుండెపోటుతో పోయారు. దవాఖానలో, నేను కింద మందుల కోసం లైన్‌లో నిలబడి ఉండగా. ఆకాశానికీ ఆ చావుకీ ఏ సంబంధమూ లేదు. అయినా పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూనే, "డ్రోన్ మీద పడ్డదట గద?" అని అడిగారు. కాదంటే వాళ్ళ మొహాల్లో చిన్న నిరాశ. జనానికి ఉత్త చావు చాలదు.

ఎన్నాళ్ళు ఇంట్లో కూర్చోగలను? సర్టిఫికెట్ ఉంది, ఒప్పుకున్న పనులున్నాయి, డ్రోన్ బీరువా మీద పెట్టెలో ఉంది. పక్కన నిలబడే మనిషే లేదు. అప్పుడు వదిన, అంటే ఆయన అక్క, "నేనొస్త తియ్" అంది. భర్త పోయాక ఊరు వదిలి మా దగ్గరే ఉంటోంది. దూరంలో ఉన్నది నాకంటే బాగా కనిపిస్తుంది ఆమెకు. బస్సు మీద నంబరు మలుపు తిరగకముందే చెబుతుంది. అబ్జర్వర్ పని నేర్పితే చక్కగా నేర్చుకుంది. చాపలాంటి ల్యాండింగ్ ప్యాడ్ పరవడం, డ్రోన్‌ను పెట్టెలోంచి తీసి తెచ్చి దాని మీద పెట్టడం, దిగాక తిరిగి తీసుకెళ్ళడం కూడా ఆమె పనే.

ఒక్కటే నేర్పలేకపోయాను. ఆమె పోట్లాడదు.

"వదినా, నన్ను అడగాలి మీరు. గాలెలా ఉంది, వైర్లెలా ఉన్నాయి అని నిలదీయాలి."

"నీకు తెల్వనిదా మరదలా. నీ ఇష్టం."

పుట్టి బుద్ధెరిగాక నాతో ఎవరైనా "నీ ఇష్టం" అంటే పోనీలే ఒక బాధ తప్పింది అనుకునేదాన్ని. రిమోట్ చేతిలో ఉండగా ఆ మాట వింటే మాత్రం మేడ అంచున పిట్టగోడ లేనట్టు అనిపించేది.

మొదటిసారి ఎగరేసింది నాగోల్ దారిలో ఒక ఖాళీ లేఅవుట్ మీద. రాళ్ళు పాతిన ప్లాట్లు, తుమ్మ పొదలు, మనిషి లేడు. పని బాగానే జరిగింది. చివర్లో డ్రోన్ దూరంగా ఉండగా, ఆయన ఇక్కడే ఉంటే ఏమనేవారో అని ఒక్క క్షణం అనుకున్నాను. అంతే, కళ్ళ నిండా నీళ్ళు. తెర కనబడలేదు. ఇంటికి రమ్మనే మీట నొక్కి, రిమోట్ మెడకు వదిలేసి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాను. అది దానంతట అదే వచ్చి, మా ముందు కాసేపు గాల్లో నిలబడి, మెల్లగా ప్యాడ్ మీద దిగింది. నేను కళ్ళు తుడుచుకుని చూసేసరికి వదిన దూరంగా రాయి పక్కన నిలబడి ఉంది. మొహంలో రక్తం లేదు.

"ఏమైంది వదినా?"

"ఏం లేదు. ఎండ."

ఎండ సంగతి నేనూ నమ్మాను. ఆయన ఎప్పుడూ చేత్తోనే దింపేవారనీ, అది తనంతట తాను రావడం వదిన అంతకుముందు చూడలేదనీ అప్పుడు నాకు తట్టలేదు.

ఆ తర్వాతి పని నుంచి డ్రోన్ తిరగడం మొదలుపెట్టింది.

గాల్లో ఒకచోట ఆపితే బిగించినట్టు నిలబడాలి. మాది నిలబడేది కాదు. సింకులో నీళ్ళు జాలీలోకి దిగేటప్పుడు తిరిగినట్టు, చిన్న గుండ్రంలో మొదలుపెట్టి మెల్లగా పెద్ద గుండ్రం చుట్టేది. దానికి కారణం ఏమిటో ఫిజిక్స్ చెప్పినదాన్ని, నాకు తెలియదా? కంపాస్ దిక్కు తప్పితే అలాగే తిరుగుతుంది. ఇంటికొచ్చి కంపాస్ సరిచేశాను. డ్రోన్‌ను చేతుల్లో పట్టుకుని మేడ మీద చుట్టూ తిరగాలి, పక్కింటివాళ్ళు దేవుడు పూనాడనుకుంటారు. సరిగ్గా ఉందని చూపించింది. మళ్ళీ బయటికి తీసుకెళ్తే మళ్ళీ తిరుగుడే. కోఠీలో బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. అంతా విప్పి, బల్ల మీద పరిచి, మళ్ళీ బిగించాడు.

"మేడమ్, బిల్కుల్ ఠీక్ ఉంది. డ్రోన్‌ల ఏం లేదు. గాల్ల ఏమన్న ఉన్నదేమో."

టవర్ల సిగ్నళ్ళ గురించి అతను అన్నాడు. నేను ఆ మాటను ఆటోలో ఇంటిదాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ ఒకచోట నిలబడలేకపోయేవారు. మా మేడ మీద నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరిగేవారు, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎప్పుడూ ఎడమ వైపుకే. మాట ముదిరేకొద్దీ గుండ్రం పెద్దదయ్యేది. కింద వంటింట్లో అడుగుల చప్పుడు వింటే అవతల ఉన్నది పెళ్ళి పార్టీయో, వాళ్ళ అన్నదమ్ములో నాకు తెలిసిపోయేది. డ్రోన్ కూడా ఎడమ వైపుకే తిరుగుతోందని ఒకరోజు గమనించాను.

గమనించిన తర్వాత గమనించకుండా ఉండటం ఎవరి వల్ల అవుతుంది?

మొదట మనసులో అనుకున్నాను. తర్వాత పెదాలు కదిలించాను. తర్వాత వదిన పక్కనే ఉండగానే పైకి అనడం మొదలుపెట్టాను. "గాలి ఉందంటారా? ఉంటే ఉండనీయండి. ఎండలో ఎంతసేపు తిరుగుతారు?" అది తిరిగేది. బ్యాటరీ అయిపోయిందని మోగేదాకా నేను మాట్లాడేదాన్ని. పని లేని రోజుల్లో కూడా, కంపాస్ పరీక్ష అని పేరు పెట్టి, వదినను బండి ఎక్కించుకుని ఆ లేఅవుట్‌కి వెళ్ళేదాన్ని. వదిన ప్యాడ్ పరిచేది, డ్రోన్ తెచ్చి పెట్టేది, ఆకాశం చూడమంటే నేల చూస్తూ నిలబడేది.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పుడూ లేదు. ఆయన చచ్చి డ్రోన్‌లో దూరారని ఎవరైనా నాతో అని ఉంటే నాలుగు వాయించి పంపేదాన్ని. కానీ కారణం దొరకని తప్పు ఒకటి ఉంది, దానికి ఆయన నడక ఉంది. కారణం వెతకడం నేనే మెల్లగా మానేశాను. దొరికితే అది ఆగిపోతుంది కదా.

నిజానికి ఒకరోజు ఆగింది. మన్సూరాబాద్‌లోనే, ఒక అపార్ట్‌మెంట్ పైకప్పు పగుళ్ళు ఫోటో తీయడానికి వెళ్ళాం. డ్రోన్ లేచి, నిలబడమన్న చోట నిలబడింది. గోడకు కొట్టిన ఫోటోలా. నేను ఎంతసేపు చూసినా కదల్లేదు. ఫోటోలు అద్దంలా వచ్చాయి. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. వదిన పళ్ళెం తీస్తూ నా మొహంలోకి చాలాసేపు చూసింది. మర్నాడు లేఅవుట్‌కి వెళితే మళ్ళీ తిరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

సైదాబాద్‌లో ఒక బస్తీ కమిటీ అధ్యక్షుడు బోనాల ఊరేగింపు పైనుంచి తీయమని వచ్చింది ఆ రోజుల్లోనే. అతను ఆ పని కోసం రెండేళ్ళ ముందునుంచే మా ఆయనను అడుగుతుండేవాడు. సఫారీ వేసుకుని, నుదుటన పెద్ద బొట్టుతో వచ్చి కూర్చున్నాడు.

"మా బోనాలు పైకెళ్ళి సూస్తె ఎట్లుంటయో సూపియ్యాలె మేడమ్. పక్క గల్లోళ్ళు సూసి కుళ్ళుకోవాలె."

"పక్క గల్లీవాళ్ళు తర్వాత కుళ్ళుకుంటారు. ముందు మీ గల్లీవాళ్ళు క్షేమంగా ఉండాలి. జనం నెత్తి మీద ఎగరేయను."

"జర కిందికి ఒస్తెనే గద మొఖాలు కనపడేది!"

"మొహాలు కావాలంటే నిచ్చెనెక్కి తీయించుకోండి."

అతను పెద్దగా నవ్వి, "సార్ మెత్తగుంటుండె, మీరు మిరపకాయ" అన్నాడు. పని ఒప్పుకున్నాను.

ప్లాన్ మాత్రం ఆయన ఉంటే ఎలా వేసేవారో అలాగే వేశాను. పడితే ఎక్కడ పడాలన్నది ఎగరేసే ముందే అనుకోవాలని ఆయన అనేవారు. ఎగరేయడం గురించి తర్వాత, ముందు పడే చోటు చూసుకో అని. ఊరేగింపు వెళ్ళే గల్లీకి ఒక పక్క ఇళ్ళు, ఇంకో పక్క బడి ప్రహరీ గోడ, గోడ అవతల ఖాళీ ఆటస్థలం. డ్రోన్ ఆటస్థలం మీదే ఉండాలి, గోడ దాటకూడదు, అక్కడి నుంచి కెమెరా వాల్చి గల్లీని చూడాలి. పడినా మట్టిలో పడుతుంది. బడివాళ్ళతో మాట్లాడి ఆ రోజు గేటుకు తాళం వేయించాను. పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి అనుమతి తెచ్చాను, అక్కడా కాస్త పోట్లాడే తెచ్చాను. బడి పక్కింటి మేడ మీద నుంచి ఎగరేయడం. కొబ్బరిచెట్టు, వైర్లు, ఫ్లెక్సీ కట్టిన వెదురు బొంగులు, అన్నీ నడిచి చూశాను.

నాకు నేనే అన్నీ అడుక్కున్నాను. గాలి, వాన, సిగ్నల్, పక్షులు. అన్నిటికీ జవాబులున్నాయి. అడగనిది ఒకటే. నిలబడమంటే నిలబడని డ్రోన్‌ను గోడ దాటొద్దని ఎలా నమ్ముతావు? ఆయన ఎదురుగా నిలబడి ఉంటే, నేను అడిగే మొదటి ప్రశ్న అదే అయ్యేది. ఆ ప్రశ్న పైకి వస్తే డ్రోన్‌ను పక్కన పెట్టాలి. కొత్త కంపాస్ వేయించాలి. తర్వాత అది తిరగదు. అంతకంటే పెద్ద చావు నాకు ఆ రోజుల్లో ఇంకొకటి కనబడలేదు.

ఆదివారం, మబ్బుగా ఉంది. మేం మేడ ఎక్కేసరికే గల్లీ నిండిపోయింది. డప్పుల మోత ఛాతీలో తగులుతోంది. పసుపు పూసిన కుండలు, వేపమండలు, కుండల మీద దీపాలు. పట్టుచీరల ఆడవాళ్ళు ఒక చెయ్యి కుండకు ఆనించి, రెండో చేత్తో పిల్లలను పట్టుకుని నడుస్తున్నారు. ముందు పోతరాజు కొరడా తిప్పుతున్నాడు. కమిటీ అధ్యక్షుడు కండువా వేసుకుని మా వెనకే మేడ మీదికి వచ్చేశాడు. వద్దంటే వినలేదు.

వదిన ప్యాడ్ పరిచింది. మెట్ల దగ్గర పెట్టెలోంచి డ్రోన్ తీసి, నాకు వీపు పెట్టి కాసేపు కూర్చుని, తెచ్చి ప్యాడ్ మీద పెట్టింది.

"గాలెలా ఉంది వదినా?"

"నీ ఇష్టం."

లేపాను. మేడ మీద మనిషికి అందనంత ఎత్తులో ఆపాను, ఎప్పుడూ ముందు చేసే పరీక్ష అది. తిరగడం మొదలుపెట్టింది. మొదటి గుండ్రం మేడ లోపలే. రెండోది పిట్టగోడ అంచు మీదుగా వెళ్ళింది. మూడోదానికి పిట్టగోడ దాటి గల్లీ మీదికి వెళ్ళి వచ్చింది.

"గట్లనే! గట్లనే మేడమ్! ఇంక జర కిందికి!" అధ్యక్షుడు చప్పట్లు కొట్టాడు.

కింద జనం తలెత్తారు. తల మీద కుండ ఉన్న మనిషి తలెత్తితే ఏమవుతుంది? గోడ పక్కన నడుస్తున్న ఒకావిడ కుండ వెనక్కి వాలింది. పిల్లను వదిలేసి రెండు చేతులతో పట్టుకుంది. దీపం ఆరిపోయింది. నేను అదంతా చూశాను. చూసి కూడా మీటల మీద వేళ్ళు ఉంచుకుని, ఇంకొక్క గుండ్రం చూద్దాం అనుకున్నాను.

"దించు" అంది వదిన.

"ఏంటి?"

"దించమంటున్న."

"తిరిగి వస్తోంది వదినా, చూడండి—"

"దించు పిల్లా! కింద ఆడోళ్ళు నెత్తి మీద అగ్గి పెట్టుకున్నరు, నీకు కండ్లు లెవ్వా?"

ఆమె గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. డప్పుల మోతలో కూడా మేడ మీద అందరికీ వినబడింది. నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషి ఇప్పుడు, వీళ్ళందరి ముందా? నా నోట్లోంచి వచ్చిన మాట నేనే విన్నాను.

"అది ఆయన వదినా."

వదిన నా దగ్గరికి వచ్చింది. "ఆడు గాదు. దించు, చెప్త."

దించాను. గుండ్రం తిరుగుతూనే దిగి, ప్యాడ్ అంచున ఒక పక్కకు ఒరిగి ఆగింది. రెక్కలు ఆగేదాకా ఇద్దరం నిలబడ్డాం. కాంక్రీటు మీద దిగినప్పుడు దెబ్బ తగలకుండా డ్రోన్ కాళ్ళకు ఆయన సైకిల్ హ్యాండిల్ స్పాంజి చుట్టారు. వదిన కింద కూర్చుని, ఒక కాలి స్పాంజిలోకి వేలు దూర్చి, నల్లదారం చుట్టిన చిన్న మేకు బయటికి లాగింది. దాని మీద కుంకుమ అంటుకుని ఉంది.

ఆ కాలి లోపలే కంపాస్ ఉంటుంది. నేల మీద యంత్రానికి అనుమానం రానంత చిన్న మేకు. గాల్లో నిలబడనివ్వకుండా చేయడానికి అది చాలు. దిక్సూచి పక్కన ఇనుము పెడితే ఏమవుతుందో క్లాసులో ఎంతమందికి చెప్పానో.

"ఎందుకు వదినా?"

"మొదటి నాడు గా బీడు జాగల ఎగరేస్తివి గద. నీ చేతులు మొఖం మీదున్నయ్. మీట మీద లెవ్వు. గది దానంతటదే ఒచ్చె. ఒచ్చి మన మొఖాలు సూసుకుంట నిలబడె." చీర చెంగుతో మేకును తుడుస్తోంది. "తమ్ముడే అనుకున్న. మనూర్ల మనిషి పోయినంక ఇనుము పెడ్తరు. ఉంటె రాడు, తన తొవ్వల తను పోతడు. ఆడు గీ ప్లాస్టిక్ల ఇరుక్కుంటె ఎట్ల? పోవాలె గద?"

డ్రోన్ ప్యాడ్ దగ్గరికి తెచ్చేటప్పుడు దూర్చేదట, దిగాక తీసి కొంగున కట్టుకునేదట. అందుకే ఇంట్లో సరిచేసినప్పుడు బాగుండేది, కోఠీలో బాగుండేది, వదిన పక్కన ఉన్నప్పుడే తిరిగేది. పక్కన మనిషి లేకుండా నేను ఎప్పుడూ ఎగరేయను కదా. ఆ మంచి నియమమే నాకు దారి కనబడకుండా చేసింది.

"మొన్న మన్సూరాబాద్ల మేకు ఇంట్లనే మర్షిన" అంది వదిన. "ఆ పొద్దు తిన్నగ నిలబడ్డది. నువ్వు బువ్వ తినలే. ఇనుము పెడితె పోతడనుకుంటి, పెడితెనే ఒస్తుండె. నాకేమర్థమైతది? నువ్వేమొ దాంతోని ముచ్చట్లు పెడ్తివి. ఎట్ల చెప్పాలె?"

అధ్యక్షుడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "తీసేసిండ్రు గద మేడమ్. ఇంక ఎగరేయుండ్రి. అమ్మవారు దాటిపోతున్నది!"

"ఎగరేయను. తప్పు ఇప్పుడే బయటపడింది. బాగైందో లేదో ఖాళీ స్థలంలో చూసుకోవాలి. జనం పక్కన కాదు."

"రెండేండ్ల సంది అనుకుంటున్నం! సార్ ఉంటె ఎగరేస్తుండె."

"ఉంటే మిమ్మల్ని అసలు మేడ ఎక్కనిచ్చేవారు కాదు."

"ఆడోళ్ళకిస్తె గిట్లనే ఉంటది" అని గొణిగాడు.

నేను నోరు తెరిచేలోపు వదిన లేచింది. "గంత సోకుంటె నీ నెత్తి మీద కూసోవెట్టుకోని తిరుగు. ఇస్తనే ఉన్న, పట్టు." డ్రోన్‌ను రెండు చేతులతో ఎత్తి అతని ముందు పెట్టింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత నేను మామూలు కెమెరా తీసుకుని పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఊరేగింపు మలుపు తిరిగేదాకా తీసిచ్చాను. ఎవరి మొహాలూ అంత బాగా ఎప్పుడూ రాలేదని తర్వాత కమిటీవాళ్ళు అన్నారు, డబ్బులు మాత్రం సగమే ఇచ్చారు. దీపం ఆరిపోయినావిడ వీడియోలో ఉంది. పక్కావిడ కుండలోంచి వెలిగించుకుంటోంది.

కంపాస్ సరిచేసి, వాన లేని రోజు చూసుకుని, ఇద్దరం నాగోల్ దారిలో లేఅవుట్‌కి వెళ్ళాం. వదిన ప్యాడ్ పరిచింది. డ్రోన్ తెచ్చి పెట్టే ముందు నాలుగు కాళ్ళూ నొక్కి నాకు చూపించింది. నేను రిమోట్ మెడలో తగిలించుకున్నాను. ఆమె వచ్చి నా ఎదురుగా నిలబడింది. నడుం మీద చేతులు పెట్టుకోలేదు, చీర చెంగు బొడ్లో దోపుకుంది.

"గాలి?" అంది.

నేను ఆమె మొహంలోకే చూస్తున్నాను.

"అడుగుతున్న గద, గాలెట్లున్నది?"

"ఆకు కదలడం లేదు."

"ఆకు కిందున్నది. గా తుమ్మ కొస సూడు."

చూశాను. కొస కదులుతోంది. ఆగుదామంది. ఆగాం. కాసేపటికి కొస నిలిచాక లేపాను. డ్రోన్ పైకి వెళ్ళి, ఆగమన్న చోట ఆగింది. వదిన ఈసారి నేల చూడలేదు. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం. మబ్బు కదులుతోంది, అది కదలడం లేదు. మోటార్ల రొద తప్ప ఏమీ లేదు. ఎడమకూ లేదు, కుడికీ లేదు. ఎంత మంచి డ్రోనో. ఆయన ఎంచి కొన్నారు.

"పోయిండంటవా?" అంది వదిన.

"కంపాస్ బాగైంది వదినా."

"గదే అడుగుతున్న."

నేను జవాబు చెప్పలేదు. మా పద్ధతి ప్రకారం జవాబు లేకపోతే దించేయాలి. దించేశాను.

ఇప్పుడు పనులకు ఇద్దరమే వెళ్తున్నాం. వదిన నన్ను నిలదీసినంత గట్టిగా ఆయనను నేను కూడా ఎప్పుడూ నిలదీసి ఉండను. మొన్న ఒక పెళ్ళిలో టపాసుల గురించి నన్ను అడిగిన తీరుకు పెళ్ళికొడుకు తండ్రి వచ్చి సర్దిచెప్పాడు. అన్నిటికీ పోట్లాడుకుంటాం, ఒక్కదానికి తప్ప.

ఆ మేకును వదిన నా తలగడ కింద పెడుతుంది. ఇనుముంటే రాడని, నిమ్మళంగా నిద్ర పడుతుందని. పడుకునే ముందు నేను తలగడ కిందికి చెయ్యి పోనిచ్చి, దాన్ని తీసి, తలుపు బయట చెప్పుల స్టాండులో పెట్టి వస్తాను. పొద్దున నేను లేచేసరికి అది అక్కడ ఉండదు. సాయంత్రం పక్క సర్దేటప్పుడు మళ్ళీ తలగడ కింద ఉంటుంది.